రెండుసార్ల మాస్టారు

ఆ కుట్టుపని దుకాణంలో ఆయన్ని అందరూ రెండుసార్ల మాస్టారు అంటారు. ఎదురుగా కాదులెండి, ఎదురుగా ఉత్త మాస్టారే. సాయంత్రం దుకాణానికి తాళం వేసి నాలుగడుగులు వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తారు. గుడ్డ మీద పెట్టిన కొలతనే మళ్ళీ పెట్టి చూస్తారు. ఎవరైనా "బావున్నారా మాస్టారూ" అంటే బావున్నానని చెప్పి, పది నిమిషాలాగి "ఎందుకడిగావు?" అంటారు. అది పుట్టుకతో వచ్చిన బుద్ధో, ఇరవై ఏడేళ్ళ కటింగ్ పని నేర్పిన బుద్ధో చెప్పలేం. కత్తిరించిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు కదా, ఆ పని చేసేవాడికి ఆ మాత్రం అనుమానం ఉండాల్సిందే. ఈయనకి ఆ మాత్రంతో సరిపోలేదు, అంతే.

అరవై తొమ్మిదో ఏడు వచ్చాక ఆయనకి లోకంలో ఎవరికీ రాని అనుమానం ఒకటి పట్టుకుంది. తనని ఎవరో సుఖపెడుతున్నారని.

నవ్వకండి. ముందు కుర్చీ వచ్చింది. కటింగ్ టేబుల్ పక్కన ఇన్నేళ్ళూ ఉన్నది చెక్క స్టూలు. ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే స్టూలు లేదు. దాని చోట వెనక్కి ఆనుకునే కుర్చీ, చేతులు కూడా ఉన్నాయి. మాస్టారు దాని చుట్టూ తిరిగి, ఊపి చూసి, మళ్ళీ ఊపి చూసి, అప్పుడు కూర్చున్నారు. వీపు ఆనించగానే నడుములో ఎక్కడో బిగుసుకున్న ముడి ఊడినట్టయింది. వీపు ఆనించుకోవడంలో ఇంత సుఖం ఉందని నలభై ఏళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే వాణ్ణి సోమరిపోతు కింద జమకట్టేవారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని "అబ్బ" అనుకున్నారు. ఆ వెంటనే కళ్ళు తెరిచి, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అనుకున్నారు.

తర్వాత మేకు. సంచీ తగిలించే మేకు గోడ మీద తలకంటే ఎత్తున ఉండేది, చెయ్యెత్తితే భుజం కలుక్కుమనేది. అది ఒకరోజు ఛాతీ ఎత్తుకి దిగొచ్చింది. ఆ తర్వాత టీ. వేళ్ళు కాలే గాజు గ్లాసు పోయి పిడి ఉన్న కప్పు వచ్చింది. ఆ పిడిలో వేలు దూర్చి, తొందర లేకుండా, చివరి గుక్క దాకా వేడిగా తాగడం ఎంత బావుందంటే, తాగినంతసేపూ ఆయన గుమ్మం వైపు ఓరగా చూస్తూనే ఉన్నారు. పోనీ ఇంటికెళ్తే ప్రశాంతమా? పంచదార సీసా మూత ఒకప్పుడు రెండు చేతులా పట్టుకుని పళ్ళు కొరికి తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు వేళ్ళకే ఊడొస్తోంది. మూత ఎవరు వదులు చేశారని ఇంటావిణ్ణి అడిగితే, మనతోపాటు దానికీ వయసొచ్చిందేమోలెండి అని ఆవిడ గిన్నెలు తోముకుంది.

ఆఖర్న టేపు వచ్చింది. ఆ సంగతి చెప్పే ముందు పాత టేపు గురించి చెప్పాలి.

మాస్టారి మెడలో ఒక గుడ్డ టేపు ఉండేది. ఇరవై ఏడేళ్ళ కిందట పాత ఓనరు, అంటే ఇప్పటి ఓనరమ్మ వాళ్ళ నాన్న, తన మెడలోది తీసి ఈయన మెడలో వేసి ఇక నుంచి కటింగ్ నీదే అన్నాడట. ఆ టేపుని ఇంకొకరు ముట్టుకుంటే మాస్టారు ఒంటికాలి మీద లేచేవారు. కాకపోతే వాడీ వాడీ దాని మీద అంకెలు చెరిగిపోయాయి, ఈయన కళ్ళు కూడా మునుపటివి కావు. గుమ్మంలో ఎండ పడే చోట మనుషుల్ని నిలబెట్టి కొలిచేటప్పుడు ఎలాగో కనబడేవి. లోపలి గదిలో, ట్యూబులైటు కింద, టేబుల్ మీద పెడితే మాత్రం అంకె ఏదో మరక ఏదో తెలిసేది కాదు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక ఉపాయం కనిపెట్టారు. టేపు పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, ఎండలో పదిహేడున్నర ఎక్కడుందో చూసి, అక్కడ గోటితో నొక్కి పట్టుకుని, ఆ గోరు జారకుండా లోపలికి నడిచొచ్చి గుడ్డ మీద పెట్టేవారు. ఒక చొక్కాకి పది పన్నెండు నడకలు. ఎవరైనా అడిగితే కాళ్ళు పట్టేస్తున్నాయి, నాలుగడుగులు వేస్తున్నా అనేవారు.

ఇదిగో, అలాంటి రోజుల్లో ఒక పొద్దున టేబుల్ మీద సుద్ద బిళ్ళ పక్కన చుట్ట చుట్టి కొత్త టేపు ఉంది. పసుపుపచ్చది. అంకెలు ఒక్కొక్కటీ బఠాణీ గింజంత ఉన్నాయి. మాస్టారు దాన్ని తిరగేసి చూశారు, వాసన చూశారు, ఎవరిదిది అని అడిగారు. కాజాలు కుట్టే అక్క నాకేం తెలుసంది. మిషను మీదున్నతను తల అడ్డంగా ఊపాడు. విసిరికొట్టాలని చెయ్యెత్తి, ఎందుకో ఒకసారి గుడ్డ మీద పరిచి చూశారు. అంకెలు వాటంతట అవే కళ్ళలోకి వచ్చాయి. నడక లేదు, గోరు నొక్కుడు లేదు. ఆ రోజు మూడు చొక్కాలు మధ్యాహ్నం లోపే కత్తిరించేశారు. అంకె అంకెలాగా కనబడటం ఇంత హాయి అని ఆయనకి అప్పుడే తెలిసింది, ఆ హాయి ఆయన్ని భయపెట్టింది కూడా.

పాత టేపు మెడలోంచి పోలేదు. మనుషుల్ని కొలవడానికి అదే, టేబుల్ మీద గీతలకి కొత్తది. మెడలో టేపు లేకుండా గుమ్మంలో నిలబడితే తను మాస్టారులా ఉండనని ఆయన భయం.

ఇక ఇదంతా ఎవరి పని? మాస్టారికి ఎక్కువసేపు పట్టలేదు. మిషను మీద కూర్చునే నలభై ఏళ్ళతను ఒకడున్నాడు. మిషను తొక్కుతున్నంతసేపూ పెదాల మధ్య సన్నగా ఈల వేస్తుంటాడు కాబట్టి అందరూ ఈలాయన అంటారు. ఆరేళ్ళ కిందట వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, మాస్టారూ నాకూ కటింగ్ నేర్పండి అని అడిగాడు. చూద్దాంలే అన్నారు మాస్టారు. ఆ చూద్దాం ఇప్పటికీ అలాగే ఉంది. అంటే వాడి కన్ను ఎప్పట్నుంచో టేబుల్ మీదే అన్నమాట. ముసలాయన్ని మెత్తగా కుర్చీలో కూర్చోబెట్టి, మేకు దించి, పెద్దంకెల టేపు చేతికిచ్చి, తర్వాత ఓనరమ్మని పిలిచి చూశారా అమ్మా ఈయనకి కళ్ళూ లేవు కాళ్ళూ లేవు అని చూపిస్తాడు. టేబుల్‌కి ఎసరు పెట్టాడు వెధవ, ఆ ఈల కూడా అందుకే! మాస్టారు ఇలా నమ్మేశారు. నమ్మాక మనిషి చేసే ప్రతి పనీ దానికే సాక్ష్యంగా కనబడుతుంది. ఈలాయన పలకరిస్తే కూపీ లాగుతున్నాడు, పలకరించకపోతే తప్పు చేసి తప్పించుకుంటున్నాడు.

అంతలో చొక్కాలు తిరిగి రావడం మొదలయ్యాయి.

మొదటిది ఛాతీ దగ్గర బిగుతు. ఆ మనిషి లావెక్కాడన్నారు మాస్టారు. వారం తిరక్కుండా రెండోది. అదీ ఛాతీ దగ్గరే. తన కటింగ్ వెనక్కి రావడమంటే ఎన్నడూ ఎరగని సంగతి. కొలతల పుస్తకం తీసి చూశారు, సరిగ్గానే ఉంది. కత్తిరించిన కాగితం నమూనా కొత్త టేపుతో కొలిచారు, మళ్ళీ కొలిచారు, పుస్తకంలో ఉన్నంతే ఉంది. కటింగ్‌లో తప్పు లేకపోతే ఇంకెక్కడుంటుంది, కుట్టులోనే. కుట్టుకి అర అంగుళం వదిలితే ఈలాయన ముప్పావు లోపలికి లాగేస్తున్నాడు!

దొంగని పట్టుకోవాలి కదా. మరుసటి చొక్కా ముక్కల అంచుల్లో, సరిగ్గా అర అంగుళం లోపల, సూది మొనంత సుద్ద చుక్కలు పెట్టారు. కుట్టయ్యాక కాజాల అక్క భోజనానికి లేచినప్పుడు చొక్కా తిరగేసి చూశారు. కుట్టు చుక్కల మీదుగానే పోయింది, ఒక్క పోగు అటూ ఇటూ లేకుండా. ఇంకొకరయితే అక్కడితో ఆగి, పప్పులో కాలేశానని ఒప్పుకునేవారు. మాస్టారు మాత్రం, వీడు నా చుక్కలు చూసేశాడు అనుకున్నారు.

ఆ వారమే ఊరి బయట హోటల్ నుంచి పద్నాలుగు మంది వచ్చి గుమ్మంలో వరసగా నిలబడి కోట్లకి కొలతలిచ్చి వెళ్ళారు. శుక్రవారానికి కావాలి, మళ్ళీ రావడానికి తీరిక లేదన్నారు. కోటు గుడ్డ తాను కూడా ఆ హోటల్ వాళ్ళే పంపారు, సరిగ్గా సరిపోయేంత. వాళ్ళటు వెళ్ళారో లేదో, ఆ చుక్కల చొక్కా మూడోదిగా తిరిగొచ్చింది.

ఓనరమ్మ ఇద్దర్నీ పిలిచింది. ఆవిడ అరిచే మనిషి కాదు, నెమ్మదిగానే అడిగింది. మాస్టారు చొక్కా వైపు చూడకుండా, అడగాల్సింది నన్ను కాదమ్మా, కటింగ్ కొలత ప్రకారమే ఉంది, కుట్టేవాళ్ళ కడుపులో ఏముందో వాళ్ళనే అడగండి అన్నారు. టేబుల్ మీద కన్నున్నవాళ్ళు చాలా పనులు చేస్తారని కూడా నోరు జారారు. ఈలాయన మొహం నల్లబడిపోయింది. మీరు గీసిన గీత మీదే కుట్టాను మాస్టారూ అని ఒక్క మాటన్నాడు.

"ఇద్దర్లో ఒకరిది తప్పు" అంది ఓనరమ్మ. "హోటల్ కోట్లతో తేలిపోతుంది. కటింగ్‌లో తప్పుంటే మాస్టారూ, మీరు టేబుల్ వదిలేసి చేతికుట్లు చూసుకోండి. కుట్టులో తప్పుంటే నువ్వు వేరే చోటు వెతుక్కో."

ఆ మధ్యాహ్నమంతా మిషను చప్పుడే గానీ ఈల వినబడలేదు. తేలు కుట్టిన దొంగలా ఎలా నోరు మూసుకున్నాడో అనుకున్నారు మాస్టారు. అనుకున్నారే గానీ, చెవి మాత్రం మిషను వైపే ఉంచారు.

ఇంటికెళ్తూ కొత్త టేపు కూడా సంచీలో వేసుకున్నారు. దాని మీదకి పోయింది ఇప్పుడు అనుమానం. వాడు పెట్టిన టేపు కదా, దొంగ టేపేమో! ఇంటి మెట్ల మీద ఇంకా ఎండ ఉంది. అక్కడే కూర్చుని రెండు టేపుల్నీ పక్కపక్కన పరిచి, మొదళ్ళు కలిపి, కాలి బొటనవేలితో తొక్కిపట్టి లాగారు. పది దగ్గర కలిశాయి. ఇరవై దగ్గర కొద్దిగా తేడా. ఆ తర్వాత తేడా ముదిరింది. కొత్త దాంట్లో నలభై ఉన్నచోట పాతది ముప్ఫై తొమ్మిదింబావు చూపిస్తోంది. ముప్పావు అంగుళం! మాస్టారు ఇంట్లోకి వినబడేలా కేకేశారు, దొరికాడే, తప్పుడు టేపు పెట్టాడు, సాక్ష్యంతో సహా దొరికాడు అని.

ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్ల మీద నిలబడింది.

"ఆ టేపు వాడు పెట్టలేదు. నేను కొన్నాను" అంది.

మధ్యాహ్నం భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆవిడ చూస్తూనే ఉందట, ఈయన గోటితో టేపు నొక్కిపట్టి గుమ్మానికీ టేబుల్‌కీ కాలుగాలిన పిల్లిలా తిరగడం. ఒకరోజు పొద్దున్నే, దుకాణం తెరిచీ తెరవగానే, ఈయన పక్క దుకాణంలో కబుర్లలో ఉండగా టేబుల్ మీద పెట్టేసి వచ్చేసింది. మాస్టారు నోరు తెరిచి, నాతో ఎందుకు చెప్పలేదు అన్నారు.

"చెబితే వాడేవారా? ఎందుకు కొన్నావని రెండుసార్లు అడిగి ఆ మూల పడేసేవారు. మూత కూడా నేనే వదులు చేసి పెడుతున్నా. అదీ చెప్పలేదు."

మరి కుర్చీ అన్నారు మాస్టారు, గొంతు కాస్త తగ్గించి. కుర్చీ ఓనరమ్మ ఇంట్లో కొత్తవి కొనుక్కుంటే మిగిలినదట. మేకు కాజాల అక్క తన గొడుక్కి అందక దింపించుకుందట. టీ కొట్టులో గ్లాసులు పగిలితే కప్పులు తెచ్చారట. ఇవన్నీ ఆవిడకి చెప్పింది కాజాల అక్కే, అడిగి ఉంటే ఈయనకీ ఎప్పుడో చెప్పేది, ఈయన అడగలేదు. లోకమంతా మీ చుట్టూనే పన్నాగాలు పన్నుతూ కూర్చుంటుందా, వాళ్ళకి వేరే పనుల్లేవా అని ఆవిడ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. లోపలికెళ్ళి తన ఇనుప స్కేలు తెచ్చారు. అడుగు స్కేలు మూడుసార్లు పేర్చి, ముందు కొత్త టేపుని ఆనించారు. సరిగ్గా ముప్ఫై ఆరు. మళ్ళీ పేర్చారు. మళ్ళీ ముప్ఫై ఆరు. పాత టేపు ముప్ఫై అయిదుంబావు దాటి రెండు గీతలు వెళ్ళి ఆగిపోయింది.

ఇరవై ఏడేళ్ళు మెడలో వేసుకున్న టేపు సాగిపోయింది. అదీ అంతటా ఒకేలా కాదు, చేతులు ఎక్కువ పడే నడిమి భాగంలో ఎక్కువ. ఇన్నాళ్ళూ ఆ సాగినదాంతోనే మనిషిని కొలిచి, దాంతోనే గుడ్డ గీస్తే, ఆ తప్పుకీ ఈ తప్పుకీ సరిపోయి చొక్కాలు ఒంటికి అతికినట్టు కుదిరాయి. మనిషికి ఒక టేపు, గుడ్డకి ఇంకో టేపు అయ్యేసరికి బిగుసుకున్నాయి. అంతే సంగతి. ఇందులో ఈలాయనా లేడు, ఈలా లేదు.

మాస్టారు స్కేలు పక్కన పెట్టి రెండు టేపుల్నీ చుట్టేశారు. ఆయనకి సిగ్గేసింది. మొహం నల్లబడి నిలబడ్డ ఆ మనిషి కళ్ళ ముందు నుంచి కదల్లేదు. చివరికి ఓనరమ్మ అన్నదంతా ఆవిడకి చెప్పి, ఒప్పుకుంటే టేబుల్ పోతుందే అన్నారు, తనలో తాను అన్నట్టు. ఒప్పుకోకపోతే ఈలాయనకి పని పోతుంది అంది ఇంటావిడ, మీకెలా తోస్తే అలా చేయండి అని లోపలికెళ్ళి దీపం వేసింది.

మర్నాడు పొద్దున దుకాణంలో అందరూ ఉండగా మాస్టారు రెండు టేపుల్నీ టేబుల్ మీద పరిచారు. ఓనరమ్మకి చూపించారు. గుమ్మానికీ టేబుల్‌కీ తిరగడం ఎందుకో కూడా చెప్పారు, అది చెప్పేటప్పుడు మాత్రం నేలచూపులు చూశారు. తప్పు నాది, అతన్ని అనవసరంగా అన్నాను అన్నారు. ఆ ముక్క రెండుసార్లు అన్నారు.

ఓనరమ్మ తన నాన్నగారి టేపుని చేత్తో తడిమి చూసింది. కొలతల పుస్తకం చూసింది. అందులో హోటల్ వాళ్ళ పద్నాలుగు మంది కొలతలూ ఆ పాత టేపువే. వాళ్ళు మళ్ళీ వచ్చేలోపు శుక్రవారం దాటిపోతుంది. లెక్క వేసి సరిచేద్దామంటే టేపు అంతటా ఒకేలా సాగలేదు. అంటే ఆ కోట్లు ఈ టేపుతోనే కత్తిరించాలి. మాస్టారికి అది లోపల కనబడదు, గోటితో నొక్కిపట్టి గుమ్మానికి తిరుగుతూ కూర్చుంటే శుక్రవారానికి పద్నాలుగు కోట్లు తెమలవు. కనబడేవాడికి కోటు కటింగ్ రాదు, ఆరేళ్ళుగా చూద్దాం అన్నది ఎవరో అందరికీ తెలుసు.

"టేబుల్ సంగతి కోట్లయ్యాక చెబుతాను" అంది ఓనరమ్మ. "ఒక్కటి బిగుతని వెనక్కొచ్చినా నిన్న నేనన్నది అన్నట్టే. ముందు ఇవి ఎలా కత్తిరిస్తారో చూసుకోండి."

మాస్టారు పాత టేపు మళ్ళీ మెడలో వేసుకుని మిషను దగ్గరికి వెళ్ళారు. మెడలోంచి టేపు తీసి చాచారు. ఇరవై ఏడేళ్ళలో అది ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదలు. నువ్వు చదివి చెప్పు, నేను గీస్తాను అన్నారు.

ఈలాయన టేపు వైపు చూశాడు గానీ అందుకోలేదు.

"నేను చదివితే నమ్ముతారా మాస్టారూ?"

నమ్ముతానని అబద్ధం చెప్పలేదు మాస్టారు. టేపు పట్టుకున్న చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈలాయన లేచి టేపు తీసుకున్నాడు.

మొదటి కోటు గుడ్డ పరిచారు. కాజాల అక్క పుస్తకం చదువుతోంది, ఈలాయన టేపు పరిచి వంగి కళ్ళు దగ్గరగా పెట్టి అంకె వెతికి వేలు పెడుతున్నాడు, ఆ వేలి దగ్గర మాస్టారు సుద్దతో గీస్తున్నారు. భుజం. చేతి పొడవు. మెడ. వీపు. ప్రతిసారీ మాస్టారి చెయ్యి టేపు మీదకి వెళ్ళబోయింది, ప్రతిసారీ లాక్కున్నారు. చూసి ఏం లాభం, కనబడదు కదా. వీడు వేలు పావంగుళం ఇటు జరిపితే చాలు. కోటు బిగుస్తుంది, టేబుల్ పోతుంది, అంకె చెరిగిపోయిందంటే ఎవరూ ఏమీ అనలేరు. వీడి చోట తనే ఉండి, నిన్న తనన్న మాటలు తనని ఎవరైనా అని ఉంటే, తనయితే జరిపేవాడా? ఆ ప్రశ్నకి జవాబు ఆయనకి తెలుసు. అందుకే అంత భయం.

ఛాతీ గీత కూడా పడింది. రెండోసారి చూడమని అడగలేదు మాస్టారు. నిన్న అంత మాట అని, ఇవాళ మళ్ళీ చూడమనడానికి ఆయనకి మొహం చెల్లలేదు. కత్తెర తీసుకుని, దాని నోరు తెరిచి గుడ్డ అంచులో పెట్టారు.

"ఆగండి మాస్టారూ."

ఈలాయన ఛాతీ గీత మీద మళ్ళీ టేపు పరిచాడు. మొదలు గట్టిగా నొక్కిపట్టి, ట్యూబులైటు వెలుగు పడేలా తలని పక్కకి తప్పించి, అంకెల్ని ఒక్కొక్కటే మొదట్నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. గీతకి అవతల పావంగుళం దూరంలో వేలు పెట్టాడు.

"ఇక్కడ. అంకె చెరిగిపోయి ముందు గీతని అదే అనుకున్నాను. తక్కువ చెప్పాను."

మాస్టారు కత్తెర వెనక్కి తీసి టేబుల్ మీద పెట్టారు. ఎందుకు చెప్పావు అనే మాట అలవాటు కొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశారు. అరచేత్తో పాత గీత తుడిచి, ఆ వేలి దగ్గర కొత్తది గీశారు. గీత కాస్త వంకర పోయింది. మళ్ళీ తుడిచి మళ్ళీ గీశారు.

"మిగతావి కూడా ఇంకోసారి చూడు నాయనా" అన్నారు. "చూస్తూ, ఏ కొలత ఎక్కడ ఎందుకు పెడతామో అడుగు. చెబుతాను."

ఈలాయన ఈల వేయలేదు. టేపు భుజం దగ్గరికి జరిపి మొదట్నుంచి మొదలుపెట్టాడు.